రేణుకకు ఎందుకు ఆలస్యమైంది?

రేణుక కథ మనందరికీ తెలిసిందే. నీళ్ళ కోసం నదికి వెళ్ళింది. అక్కడ చిత్రరథుడనే గంధర్వరాజు అప్సరసలతో జలక్రీడలాడుతున్నాడు. ఆమె నిలబడి చూసింది. చూస్తూ చూస్తూ హోమం వేళ మరిచిపోయింది. భయపడుతూ తిరిగొచ్చి కడవ ముందుపెట్టి చేతులు జోడించి నిలబడింది. జమదగ్నికి సంగతి తెలిసిపోయింది. తల్లిని చంపమని కొడుకులకు చెప్పాడు. పెద్ద కొడుకులు కదల్లేదు. చిన్నవాడు పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. తల్లినీ అన్నలనూ నరికాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే, వాళ్ళు బతకాలనీ, తాము చచ్చిపోయిన సంగతి వాళ్ళకు గుర్తుండకూడదనీ కోరాడు. వాళ్ళు నిద్రలోంచి లేచినట్టు లేచి కూచున్నారు. భాగవతం తొమ్మిదో స్కంధంలో ఉంది ఈ కథ. దాన్ని తెలుగు చేసిన పోతనది ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెర.

ఈ కథను పాతివ్రత్యం కథగా చెప్పారు మనకు. స్త్రీవాద విమర్శ దాన్ని తిరగేసి చదివింది. ఆడదాని లైంగికత మీద మగవాడి అదుపు, తండ్రి మాట కోసం తల్లి తలను లెక్కచేయని కొడుకు, ఆ కొడుకును ఆదర్శంగా నిలబెట్టిన సంప్రదాయం - ఇవన్నీ మనం మాట్లాడుకున్నాం. ఆ చదువు సరైనదే. కానీ నేను పాట మనిషిని. పాతికేళ్ళుగా పాడుతున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. నాకు ఈ కథలో మరో మాట కూడా వినిపిస్తుంది. గంధర్వులంటే దేవలోకపు గాయకులు. ఆ రోజు నదిలో అతను పాడుతున్నాడని పురాణం చెప్పదు. అతని మీద ఆమెకు కాస్త మనసైందని మాత్రం చెబుతుంది. ఒక ఆడమనిషి ఒక కళాకారుణ్ణి అలా నిలబడి చూస్తే, ఆ చూపుకు పురాణం దగ్గర ఒకటే పేరుంది. అబ్బురపడటం, నేర్చుకోవాలనుకోవటం, మైమరచిపోవటం అనేవి వేరే ఉంటాయని దానికి తోచలేదు.

కథలోంచి కోరికను కాసేపు పక్కన పెట్టి చూడండి. ఇంకా ఒక నేరం మిగిలే ఉంటుంది. అది ఆలస్యం. ఇంట్లో పని ఉండగా ఆమె ధ్యాస మరోచోట నిలిచింది. పురాణం దృష్టిలో ఆమె ధ్యాస ఆమెది కాదు, ఇంటిది. దాన్ని ఆమె ఎవరికో ఇచ్చి వచ్చింది కాబట్టి అది దొంగతనం. ఈ వ్యాసంలో నేను అడగదలుచుకున్న ప్రశ్న అదే. స్త్రీ ధ్యాస ఎవరిది? ఆమె దాన్ని ఎవరికి బాకీ పడింది?

ఇది పుస్తకాల్లో తేల్చుకునే ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, పాట నేర్చుకునేవాళ్ళకు రోజూ ఎదురయ్యేదే. కళాకారుడు ఎట్లా తయారవుతాడంటే గురువు, సాధన అని చెబుతాం. మా వైపు కళలకు ఆ జవాబు చాలదు. ఒగ్గుకథ గానీ, చిందు యక్షగానం గానీ, శారదకథ గానీ రాత్రంతా సాగే కళలు. వాటికి బడి లేదు. ఆ రాత్రే బడి. పేరున్న పెద్ద కళాకారుల జీవితాలు చదవండి. చిన్నప్పుడు మేళం వెంట పడి తిరగటం, కథ జరుగుతుంటే ఓ మూలన కూచుని వినటం, అక్కడే నిద్రపోవటం, డోలు మోతకు ఉలిక్కిపడి లేవటం, ఓ రోజు వంతపాడే మనిషి రాకపోతే ఆ స్థానంలో నిలబడటం - దాదాపు అన్నీ ఇలాగే మొదలవుతాయి. ఈ కథలో 'పిల్లవాడు' అన్నచోట 'ఆడపిల్ల' అని పెట్టి చూడండి. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

గొంతు ఉండటం ఒక్కటే చాలదు. గొప్పవాళ్ళు పాడుతుండగా దగ్గర కూచుని, వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, తప్పు దొర్లితే ఎలా సర్దుకుంటారో, మూడో జాములో జనం కునుకుతుంటే ఏం చేస్తారో చూసిన రాత్రులు కావాలి. ఆ రాత్రుల పంపకంలోనే అసలు అన్యాయం ఉంది.

పోయిన చలికాలం జనగామ దగ్గర ఒక ఊళ్ళో ఒగ్గుకథ వినడానికి వెళ్ళాను. కథ చెప్పే పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన గొంతును క్యాసెట్లలో విని పెరిగాను. ఎదురుగా కూచుని, తెల్లవారేదాకా వినాలని ఎన్నాళ్ళుగానో ఉంది. ఆ రోజు ఎల్లమ్మ కథ. అంటే రేణుక కథే. పల్లెల్లో రేణుక ఎల్లమ్మ.

రంగుల ముగ్గులతో పట్నం వేశారు. డోళ్ళు, తాళాలు. పెద్దాయన పంచె మీద చీర కొంగు వేసుకుంటే ఎల్లమ్మ, తీసేస్తే జమదగ్ని. ఆయన గొంతు ఇప్పుడు పై స్థాయికి పోదు. అది ఆయనకు తెలుసు. పాట అక్కడికి ఎక్కే ముందే దాన్ని పక్కనున్న వంతగాడికి అందించేస్తాడు. ఆ కుర్రవాడు దాన్ని పైకి తీసుకుపోతాడు, ఈయన కింద స్థాయిలో నిలబడి ఒకే మాటను నాలుగు రకాలుగా అంటుంటాడు. వయసులో పోగొట్టుకున్నదాన్ని దాచుకోకుండా, దానితోనే కొత్త పాట కట్టాడు. కచేరీల్లో గొంతు పోయిన విద్వాంసులు పడే అవస్థ నేను చూశాను. ఈ నేర్పు నాకు ఎవరూ చెప్పలేదు. క్యాసెట్‌లో వినపడేది కూడా కాదు. క్యాసెట్ నాటికి ఆయన వయసులో ఉన్నాడు.

పరశురాముడు గొడ్డలి ఎత్తే ఘట్టం వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. ఆయన చెయ్యి ఎత్తాడు, డోళ్ళు ఆగిపోయాయి. అప్పటిదాకా పాడిన మనిషి పాట ఆపేసి మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. తల్లి కొడుకును తిట్టలేదు. ఎండన పడి వచ్చావు, కాళ్ళు కడుక్కోమంది. బువ్వ తిన్నావా అని అడిగింది. అంతే. ఆ తర్వాత డోలు ఒక్క దెబ్బ. నా ముందున్న ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. శాస్త్రం ప్రకారం ఆ ఘట్టం పితృభక్తికి పరాకాష్ఠ. ఆ రాత్రి ఆ చలిలో దాన్ని విన్నవాళ్ళెవరూ తండ్రి పక్షాన లేరు. కథ మారలేదు, తీర్పు మారింది. దాన్ని మార్చింది ఆయన గొంతు. పెద్ద కళాకారులను ఎదురుగా కూచుని వినటం ఎందుకంటే ఇందుకే. కథ ఏం చెబుతుందన్నది ఎక్కడైనా చదువుకోవచ్చు. గొంతు ఎవరి పక్షం వహించిందన్నది అక్కడుంటేనే తెలుస్తుంది.

ఇక నా చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి. కథ మొదలైనప్పుడు ఆడవాళ్ళ వైపు నిండుగా ఉంది. పది దాటాక ఒక్కొక్కరే లేవటం మొదలుపెట్టారు. పొద్దున్నే పత్తి ఏరడానికి పోవాలి, పాలు పితకాలి, పిల్లలను బడికి పంపాలి. అర్ధరాత్రి దాటాక మిగిలింది ముసలవ్వలు, వాళ్ళ ఒళ్ళో నిద్రపోయిన పసిపిల్లలు, నేను. డోళ్ళకు దగ్గరగా పది పన్నెండేళ్ళ మగపిల్లలు వరసగా కూచున్నారు. వాళ్ళలో ఒకడు మోకాలి మీద డోలు దెబ్బ తప్పకుండా వేస్తున్నాడు. వాడి పక్కనే కూచున్న చెల్లెలు కూడా అంతసేపూ అదే పని చేసింది. పదిన్నరకు వాళ్ళమ్మ వచ్చి ఆ పిల్లను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. వాణ్ణి ఏమీ అనలేదు. ఆమెది పిల్ల మీద కోపం కాదు, రాత్రి మీద భయం. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లవాడు డోలు వాయిస్తుంటే అందరం వాడిది పుట్టుకతో వచ్చిన విద్య అంటాం. ఆ పిల్లకు ఆసక్తి లేదంటాం.

నా పక్కనున్న అవ్వ చాలాసేపు నన్ను చూసి చూసి అడిగింది.

"ఎవలింటికొచ్చినవ్ బిడ్డా?"

"ఎవలింటికి కాదవ్వా. కథ ఇందామని వచ్చిన."

"మొక్కున్నదా?"

"లేదవ్వా."

"ఉత్తగ పాట కోసమేనా?" కాసేపాగి, "మరి ఇంటికాడ ఎవలున్నరు?"

"పిల్లలున్నరు, వాళ్ళ నాయిన ఉన్నడు."

"మంచోడే ఉన్నట్టున్నడు" అంది అవ్వ.

ఆ మాటలో వెక్కిరింత లేదు. లోకం తెలిసిన మనిషి లెక్క అది. ఒక ఆడమనిషి రాత్రంతా పాట వినటానికి రెండే మార్గాలు. ఒకటి దేవుడి మొక్కు, రెండు మొగుడి మంచితనం. రెండూ అనుమతులే. హక్కు అన్నది ఆ లెక్కలో లేదు. వచ్చిన మగవాళ్ళలో ఒక్కణ్ణి కూడా ఇంటి దగ్గర ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

తెల్లవారాక చాయ్ తాగుతూ పెద్దాయనను అడిగాను. "బాపూ, ఎల్లమ్మ ఏడుపు ఎవరి దగ్గర నేర్చుకున్నరు?"

"నేర్సుడేంది బిడ్డా. మా అక్క సచ్చిపోయిన నాడు మా అవ్వ ఏడ్సింది. పాడె లేసిందాక ఏడ్సింది. చెవుల్ల పడ్డది, ఇగ పోలే."

"మీ ఇంటామె మీ కథ విన్నదా?"

"మా ఊళ్ళె చెప్పినప్పుడు ఇన్నది. తెల్లారిందాక ఎన్నడు ఇన్లే. గొర్లున్నయ్, పిల్లలున్నరు. ఆమె గూడ కూసుంటె ఇల్లెట్ల?"

ఆయన దాచుకోలేదు, గొప్పలూ చెప్పుకోలేదు. ఆ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు మొత్తం కనిపించింది. ఆయన కళకు మూలం ఒక స్త్రీ ఏడుపు. ఆయన కళకు ఆధారం మరో స్త్రీ వినలేకపోయిన రాత్రులు. నలభై ఏళ్ళు రాత్రిళ్ళు ఇంటి బయట గడిపిన మనిషి, ఒక్క పూట ఆలస్యమైన స్త్రీ కథ చెబుతున్నాడు. ఆయన ఆలస్యానికి లోకంలో పేరు లేదు. దాన్ని కళాసేవ అంటారు.

మరి ఆయన్ను నేను మెచ్చుకోవచ్చా? ఈ ప్రశ్నకు మనలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. స్త్రీలను రంగస్థలం నుంచి తరిమి వాళ్ళ వేషం తాము కట్టి పేరు తెచ్చుకున్నారు, ఇది దోపిడీ అన్నది ఒకటి. కళకు ఆడా మగా లేదు, బాగుంటే బాగున్నట్టే అన్నది రెండోది.

మొదటి జవాబులో చరిత్ర బలం ఉంది. జపాన్‌లో కబుకీని 1603 ప్రాంతంలో మొదలుపెట్టింది ఒకుని అనే స్త్రీ. 1629లో ఆడవాళ్ళు కబుకీ ఆడకూడదని ప్రభుత్వం నిషేధించింది. తర్వాత మగవాళ్ళు కట్టే ఆడవేషమే ఆ కళకు గర్వకారణమైంది. మన దగ్గర 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. దురాచారాన్ని ఆపడానికి అది అవసరమే కావచ్చు, కానీ దానితోపాటు తరాల తరబడి పాటనూ ఆటనూ మోసిన కళావంతుల స్త్రీలు వేదిక మీంచి దిగిపోవలసి వచ్చింది. 1956లో స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావుకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చేయటం లేదు. ఆ రెండు తేదీలను కలిపి చదవమంటున్నాను.

అయితే ఆడవేషం కట్టిన మగవాళ్ళందరూ కూడా ఒకచోట నిలబడలేదు. కూచిపూడి భామ వేషానికి మారుపేరైన వేదాంతం సత్యనారాయణ శర్మ, జనగామ జిల్లా మాణిక్యపురం ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య ఇద్దరూ 1935లోనే పుట్టారు. శర్మ 2012లో, సత్తయ్య 2017లో పోయారు. ఇద్దరికీ సంగీత నాటక అకాడమీ గౌరవం దక్కింది. కానీ ఒకరిది శాస్త్రీయ కళ, ఇంకొకరిది జానపదం. ఒకరి గురించి రసం, అభినయం అని రాస్తాం. ఇంకొకరి గురించి మట్టి వాసన అని రాస్తాం. గొర్రెల కాపరుల కులాల నుంచి వచ్చిన మనిషి గంటల తరబడి ఒంటరిగా పది పాత్రలను నిలబెడితే, అందులో ఉన్న శాస్త్రం మన చదువులకు కనపడదు. కాబట్టి ఒగ్గుకథలో స్త్రీ లేదని అడిగే ముందు, ఒగ్గుకథను ఎక్కడ కూచోబెట్టామో కూడా మనం చూసుకోవాలి.

రెండో జవాబు, కళకు ఆడామగా లేదన్నది, వినడానికి బాగుంటుంది. కానీ అది మోకాలి మీద తాళం వేసిన ఆ పిల్లకు ఏం చెబుతుంది? కళకు తేడా లేకపోవచ్చు. రాత్రికి ఉంది.

ఆ తేడాలో కులం కూడా ఉంది. ఒగ్గుకథలో మగవాళ్ళే అన్నీ అయితే, చిందు మేళాల్లో స్త్రీలు వేషం కట్టారు. ఎల్లమ్మ వేషానికే పేరుబడ్డ నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో పోయింది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మాదిగలకు ఆశ్రిత కులమైన చిందు కుటుంబాల్లో ఆడా మగా కలిసి ఆడతారు. అయితే అక్కడ స్త్రీకి రాత్రి దక్కినట్టేనా? దక్కింది, వేరే ధరకు. వేషం కట్టిన దళిత స్త్రీని ఊరు ఏ కంటితో చూసిందో, జోగిని పేరుతో ఎవరి మీద హక్కు చాటుకుందో మనకు తెలుసు. కొందరు ఆడవాళ్ళకు మేలుకునే వీలు లేదు, మరికొందరికి పడుకునే వీలు లేదు. పరువు పేరుతో ఒకరిని లోపల పెట్టి, ఆట పేరుతో ఇంకొకరిని బయట నిలబెట్టిన వ్యవస్థ ఒకటే. పల్లె చెప్పే ఎల్లమ్మ కథలో ఇది ఉంది. గొడ్డలికి భయపడి ఎల్లమ్మ దాక్కునేది మాదిగవాడలోనే. ఆమెకు అడ్డుపడిన మాదిగ స్త్రీ తల కూడా తెగుతుంది.

ఇంతదాకా వేదిక ఉన్న కళల గురించి చెప్పాను. వేదిక లేని పెద్ద గాయనులు కూడా ఉన్నారు. జనగామ నుంచి రైలెక్కి కాజీపేట, వరంగల్ దాటితే మహబూబాబాద్ వస్తుంది. ఆ చుట్టూ లంబాడా తండాలు. కొన్నేళ్ళ క్రితం ఒక తండాలో పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతుర్ని సాగనంపే వేళ ఆ పిల్ల తన వాళ్ళను పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. దాన్ని ఢావ్లో అంటారు. అది ఊరికే వచ్చే ఏడుపు కాదు. దానికి వరస ఉంది, ఎక్కడ తగ్గాలో ఎక్కడ లేవాలో ఉంది. తండాలోని పెద్ద స్త్రీలు నేర్పాలి. నేను చూసిన పెళ్ళిలో పిల్ల మధ్యలో ఆగిపోయింది. వెనక నిలబడ్డ నాయనమ్మ ఆ వరసను అక్కడే అందుకుని, గొంతు బయటికి రాకుండా, పిల్ల చెవికి మాత్రమే వినపడేటట్టు అందించింది. పిల్ల మళ్ళీ ఎత్తుకుంది. జనగామలో పెద్దాయన వంతగాడికి పాట అందించిన నేర్పు ఇదే. తేడా ఏమిటంటే ఆమె పేరు ఏ కరపత్రం మీదా ఉండదు. ఆమె పాడుతున్నానని కూడా అనుకోదు, మనవరాల్ని సాగనంపుతున్నాననుకుంటుంది. డీజే పెట్టెలు వచ్చి పడ్డాక ఆ పాట వినపడే జాగా కూడా తగ్గిపోతోంది.

'నేను ఆరాధించే పెద్ద కళాకారులు' అని జాబితా రాసుకోమంటే మనం ఎవరి పేర్లు రాస్తాం? వేదిక మీద చూసినవాళ్ళవే కదా. మెచ్చుకోవటమన్నది కూడా నేర్చుకున్న అలవాటే. ఎవరిని మెచ్చాలో మనకు వేదికలు నేర్పాయి. ఒగ్గుకథలో ఎల్లమ్మ ఏడుపును మెచ్చిన మనిషి, ఆ ఏడుపు నేర్పిన అవ్వను కూడా వెతకాలి. లేకపోతే ఆ మెప్పు సగంలోనే ఆగిపోతుంది.

అనుమతి అక్కర్లేని రాత్రి అసలు ఆడవాళ్ళకు ఉందా అంటే ఉంది. మేడారం జాతర చూడండి. పాత వరంగల్ జిల్లాను 2016లో విడదీసినప్పుడు మేడారం భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. రెండేళ్ళకోసారి సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలుకలగుట్ట నుంచి, పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి గద్దెలకు వస్తారు. ఆ రాత్రులు లక్షలమంది ఆడవాళ్ళు జంపన్నవాగు ఒడ్డున, చెట్ల కింద మేలుకునే ఉంటారు. భూపాలపల్లి గనుల కాలనీల నుంచి వచ్చినవాళ్ళు, తండాల వాళ్ళు, కోయగూడేల వాళ్ళు. డోలు మోగితే లేచి ఆడతారు, పూనకం వస్తే జుట్టు విరబోసుకుంటారు. వాళ్ళను ఎవరూ వెనక్కి పిలవరు. రాజ్యంతో పోరాడిన ఒక ఆదివాసీ తల్లీ బిడ్డల పేరు మీద దొరికిన రాత్రి అది. తండాలో తీజ్‌కూ, ఊళ్ళో బతుకమ్మకూ ఆడవాళ్ళు అలాగే కలిసి పాడుకుంటారు.

నేను భక్తిని తక్కువ చేయటం లేదు. ఆ రాత్రులు లేకపోతే మన ఆడవాళ్ళ పాట ఎప్పుడో పోయేది. కానీ భక్తి ఇచ్చిన రాత్రికి ఒక షరతు ఉంది. అది దేవత కోసం ఇచ్చింది, ఆమె కోసం కాదు. పూనకంలో ఊగినంతసేపు ఆమెను దండం పెట్టి చూస్తారు. అదే మనిషి మర్నాడు తెలివిలో ఉండి, డోలు నేర్చుకుంటాను, పక్క ఊళ్ళో కథ వినొస్తాను అంటే ఒప్పుకోరు. మైమరపును సహించినంతగా ఆడదాని ఏకాగ్రతను లోకం సహించదు. ఎందుకంటే మైమరపు తెల్లవారితే దిగిపోతుంది, ఏకాగ్రత ఇంటికి కూడా వస్తుంది. రేణుక దోషం కూడా అదేనేమో. ఆమెకు పూనకం వచ్చి ఉంటే క్షమించేవాళ్ళు. ఆమె కళ్ళు తెరిచి చూసింది.

అనుమతి లేకుండా రాత్రిలోకి వెళ్ళిన గాయనులకు ఏమవుతుందో కూడా మాట్లాడుకోవాలి. జనగామ నుంచి హైదరాబాద్ వైపు పోతే భువనగిరి. తెలంగాణ పాటలు పాడుతూ సభ సభకూ తిరిగిన బెల్లి లలితను 1999లో పాతికేళ్ళ వయసులో ముక్కలుగా నరికి చంపారు. బతికి ఉంటే ఈపాటికి యాభై దాటేవి. నేను కూచుని వినాల్సిన పెద్ద గాయని ఆమె. ఇప్పుడు వేదిక ఎక్కుతున్న అమ్మాయిలకు తన గొంతులో మొరటుదనాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పాల్సిన మనిషి. మగ కళాకారులకు పై తరం వరసగా నిలబడి ఉంటుంది. మనకు ఆ వరసలో ఖాళీలు ఉన్నాయి. కొన్ని ఖాళీలు గొడ్డలి చేసినవి, చాలావరకు పదిన్నరకే ఇంటికి పిలవటం వల్ల వచ్చినవి.

మళ్ళీ మొదటి ప్రశ్నకు వస్తాను. స్త్రీ ధ్యాస ఎవరిది? అది ఆమెది అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఒక కళాకారుణ్ణి మనసారా విన్నప్పుడు నాకు కలిగే భావం 'నాది' అన్నది కాదు. బాకీ పడ్డాననే అనిపిస్తుంది. మెప్పు అంటే ఒక అప్పు ఒప్పుకోవటమే. కాబట్టి అసలు ప్రశ్న ఆ అప్పు ఎవరికి తీర్చాలన్నది. పెద్దాయనకు మాత్రమే అనుకుంటే శాలువా కప్పి చేతులు దులుపుకోవచ్చు. నేను అట్లా అనుకోవటం లేదు. ఆయనకు ఏడుపు ఇచ్చిన అవ్వకు ఉంది, రాత్రి ఇచ్చిన భార్యకు ఉంది. వాళ్ళకు తిరిగి ఇవ్వలేం. పాటలో బాకీ వెనక్కి తీరదు, ముందుకే తీరుతుంది. తరువాత వచ్చేవాళ్ళకు రాత్రిని ఇవ్వటమొక్కటే దారి.

ఇది మాటల్లో ఉండిపోకూడదు కనుక చేయగలిగినవి చెబుతాను. మనలో చాలామంది విశ్వవిద్యాలయాల్లో ఉన్నాం. జానపద కళల మీద సెమినార్ పెట్టినప్పుడు భోజనానికి ముందు ఇరవై నిమిషాలు ఒగ్గుకథ పెట్టిస్తున్నాం. వచ్చిన కళాకారులు మనకు కావలసిన ముక్క కోసి ఇచ్చి వెళ్తున్నారు. ఆ ఇరవై నిమిషాల్లో గొంతు ఏ పక్షం వహించిందో తెలిసే వీలు లేదు. సెమినార్లో రెండు పత్రాలు తగ్గించి ఒక పూర్తి రాత్రి పెట్టవచ్చు. పూర్తి రాత్రికి తగిన డబ్బు ఇవ్వవచ్చు. విద్యార్థినుల హాస్టల్ గేటు ఆ ఒక్క రాత్రి తెల్లవారేదాకా తెరిచి ఉంచమని మనమే సంతకం పెట్టవచ్చు. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటారు. నిజమే, వంట చేస్తూ వినవచ్చు. ఆడవాళ్ళు అన్నీ వంట చేస్తూనే వినాలన్న లెక్కను అది ఏమీ మార్చదు.

మా పాటవాళ్ళం కొందరం ఈ మాట అనుకున్నాక ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎక్కడ కథ ఉందని తెలిసినా ఒంటరిగా వెళ్ళటం లేదు. నలుగురైదుగురం కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటాం. పసిపిల్లలున్నవాళ్ళు తీసుకునే వస్తారు, వంతులవారీగా ఎత్తుకుంటాం. ఆ ఊరి ఆడపిల్లలను మా మధ్య కూచోబెట్టుకుంటాం, వాళ్ళమ్మలకు ఇంటిదాకా దింపుతామని మాట ఇస్తాం. ఇది గొప్ప ఉద్యమమేమీ కాదు. ఇప్పటికి మూడు ఊళ్ళు తిరిగాం. ఒక ఊళ్ళో ఇద్దరు పిల్లలు తెల్లవారేదాకా కూచున్నారు. ఒకమ్మాయి కథ అయిపోయాక డోలు మీద చెయ్యి వేసి చూస్తానని అడిగింది. వాయించే ఆయన కాసేపు ఆలోచించి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

పరశురాముడు కోరిన వరం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. చంపబడిన సంగతి గుర్తుండకూడదని కొడుకు అడిగాడు. అతని తప్పు తల్లికి గుర్తుండకూడదు, అంతే. నది ఒడ్డున ఆమె చూసింది కూడా మరిచిపోవాలని ఎవరూ అడగలేదు. అంటే అది ఆమె దగ్గరే ఉండి ఉండాలి. నిద్రలేచినట్టు లేచి, కడవ సర్దుకుని, మళ్ళీ నీళ్ళకు వెళ్ళినప్పుడు రేణుక ఆ ఒడ్డున ఆగిందా లేదా అన్నది పురాణం చెప్పదు. ఆ భాగం చెప్పాల్సింది ఇక మనమే.